తూకం చదివే మెథడ్

కువైట్‌లో, సల్వాలోని ఒక పిల్లల క్లినిక్‌లో ఏడాదిన్నర పాపకు జ్వరం మందు రెండింతలు పడిందని చాందినికి ఫోన్ వచ్చింది. బరువును బట్టి మోతాదు చెప్పే ఆ సాఫ్ట్‌వేర్ సరిగ్గా నడుస్తోందో లేదో చూసే టెస్టులు రాసింది తనే.

పాప ఒకరోజు మగతగా ఉండి కోలుకుంది. తూకం వేసిన నర్సు అరుణజ్యోతిని మాత్రం పనిలోంచి ఆపేశారు.

మర్నాడు చాందిని వెళ్లేసరికి ఆమె క్లినిక్ వరండాలో కూర్చుని ఉంది. రాజంపేట మనిషి. ఆమెను పనికి రప్పించిన కఫీల్, దేశంలో ఉండనిచ్చే ఇఖామా రద్దు చేయిస్తానన్నాడట.

“నేను చేత్తో ఏం కొట్టల్యా మేడం. తూకం మిషన్ నుంచి ఇరవై రెండని అదే వచ్చె. బిడ్డ అంత బరువుండదే అనుకున్యా. కంప్యూటర్ తప్పు చెప్తాదా అని ఊరుకున్యా.”

చాందిని మిషన్ చూసింది. కొత్తది. పౌండ్లలో చూపిస్తోంది.

ఆఫీసుకొచ్చి కోడ్ తెరిచింది. మిషన్ నుంచి బరువు చదవడం, పౌండ్లను కిలోలు చేయడం రెండూ ఒకే మెథడ్‌లో, అంటే ప్రోగ్రాంలోని ఒకే ముక్కలో, ఇరుక్కుని ఉన్నాయి. మిషన్ లేకుండా అది నడవదు. అందుకే అప్పట్లో టెస్టుల కోసం దాని స్థానంలో ఎప్పుడూ పన్నెండు కిలోలే చెప్పే ఉత్తుత్తి మెథడ్ పెట్టింది. టెస్టులన్నీ పాసయ్యాయి. అసలు మెథడ్ వాటిలో ఒక్కసారీ నడవలేదు.

ఇప్పుడు మార్పిడి లెక్కను విడదీసి బయటికి తెచ్చింది. కొత్త మిషన్ పంపినట్టే ఇరవై రెండు పౌండ్లు ఇస్తే పది కిలోలు రావాలని టెస్టు రాసింది. ఇరవై రెండే వచ్చింది. కొత్త మిషన్ పౌండ్ల గుర్తును ‘LB’ అని ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో పంపుతోంది. మెథడ్ చిన్నక్షరాలు వెతికి, దొరక్క, కిలోలే అనుకుంటోంది.

మేనేజర్ సోమశేఖర్ అంతా విని తలుపు మూశాడు. గప్‌చుప్‌గా సరిచేసి పంపెయ్యమన్నాడు. నర్సు సంగతి క్లినిక్ వాళ్లు చూసుకుంటారన్నాడు.

“నీ ఇఖామా రెన్యువల్ కూడా వచ్చే నెలే కదమ్మా.”

“తప్పు ఆవిడది కాదు సార్. నాది.”

ఆ మధ్యాహ్నమే మెథడ్‌ను సరిచేసి, టెస్టు ఫలితం జతచేసి క్లినిక్ డైరెక్టర్‌కు ఉత్తరం పంపింది. నాలుగోరోజు అరుణజ్యోతి డ్యూటీలో చేరింది. అదే రోజు చాందినిని పనిలోంచి తప్పించి, ఆమె లాగిన్ తీసేశారు.

ఆ సాఫ్ట్‌వేర్ ఇంకో పదకొండు చోట్ల నడుస్తోంది. సవరణ అక్కడికి వెళ్లిందో లేదో చూసే దారి ఇప్పుడు ఆమెకు లేదు. చాందిని ఇంట్లో కూర్చుని నంబర్లు వెతికి, వాటిలో ఒకటైన సబా అల్ సలేం క్లినిక్‌కు మొదటి ఫోన్ చేసి, వాళ్ల తూకం మిషన్ ఏ లెక్కలో చూపిస్తుందో కనుక్కోసాగింది.