ఇక్కడ మనిషున్నారండీ

దగ్గరికి జరగండర్రా. అరుగు అంచున వేలాడుతున్నవాళ్ళు ఇటు లోపలికి రండి, ఈ గాలికి నా మాట మీ దాకా రాదు. మఠం వేసుక్కూర్చోండి. పలకలు పక్కన పెట్టండి. ఇది లెక్కల్లో రాదు, సైన్సులోనూ రాదు. అయినా వినండి.

కాలేజీలు వదిలే వేళకి ఏలూరు బస్టాండులో కొల్లేటి వైపు వెళ్ళే బస్సు ఇంకా ఆగకముందే జనం దాని మీద పడేవారు. కిటికీల్లోంచి తువ్వాళ్ళు, చేతిసంచులు, టిఫిన్ క్యారేజీలు లోపలికి వెళ్ళిపోయేవి. నిస్సీ అనే అమ్మాయి మాత్రం నీలం గళ్ళ చేతిరుమాలు ఉండచుట్టి విసిరేది. రుమాలు సీటు మీద పడడమూ, ఆ సీట్లో నిస్సీ కూర్చుని ఉండడమూ ఒకేసారి జరిగేవి. మధ్యలో మెట్లు లేవు, తోపులాట లేదు.

కండక్టరు సత్తిరాజు వచ్చి పాసు అడిగేవాడు. చిరాకుగా ఉన్న రోజున, "ద్వారం పెట్టింది దేనికమ్మా మరి?" అని కూడా అడిగేవాడు.

నిస్సీ స్నేహితురాలు సుష్మ ద్వారంలోంచే ఎక్కేది, జడ ఊడిపోయి, చెప్పు తెగిపోయి. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే ఇంటర్ క్లాసు. సుష్మ వాళ్ళ నాన్న రామకోటి చేపల చెరువు గట్టు మీద కాపలా ఉండేవాడు. ఆయన పద్ధతి వేరు. కళ్ళు మూసుకుని ఏదైనా చోటు తలుచుకుంటే చాలు, అక్కడ ఉండేవాడు. అల్లుడికి పీతలు పంపాలన్నా, ఆస్పత్రిలో ఉన్నవాళ్ళకి వేడన్నం పంపాలన్నా ఊళ్ళోవాళ్ళు ఆయన చేతికే ఇచ్చేవారు.

అది రెండువేల ఆరో సంవత్సరం. ఆడపిల్లలిద్దరికీ జపాన్ నింజాల బొమ్మల కథ ఒకటి పిచ్చిలా పట్టుకుంది. నెట్ సెంటర్లో పేజీలు ప్రింటు తీయించుకుని బస్సులో చదువుకునేవారు. అందులో రింటారో, కుజాకు అని ఇద్దరు బద్ధ శత్రువులు. రింటారో గజ్జె విసిరితే అది పడ్డ చోట ప్రత్యక్షమవుతాడు. కుజాకు తనకి గుర్తున్న చోటికి కళ్ళు మూసుకుని వెళ్ళిపోతాడు. ఎవరు గొప్ప అన్నదే రోజూ గొడవ.

"మీ రింటారోకి గజ్జె లేకపోతే ఏముందే? చేతులూపుకుంటూ నిలబడతాడు," అంది సుష్మ ఆ శుక్రవారం.

"గజ్జె పడ్డాకే వెళతాడు కాబట్టి కాలి కింద ఏదో ఒకటి ఉంటుందని తెలుసు. మీవాడు గుడ్డిగా దూకుతాడు."

"మీవాడంటే? మా నాన్నని అంటున్నావా?"

"నింజాని అంటున్నానే తల్లీ! బాబాయి గారిని నేనంటానా?"

ఆ రోజు పేజీల్లో శత్రువులు కొండల మధ్య వెదురు వంతెన తగలబెట్టేశారు. ఆ సంగతి తెలియని కుజాకు వంతెనని తలుచుకుంటూ కళ్ళు మూశాడు. ఆఖరి బొమ్మలో ఆ మూసిన కళ్ళే ఉన్నాయి, తర్వాత ఏమైందో లేదు.

"చోటే లేకపోతే కదలడు. ఉన్నచోటే ఉండిపోతాడు," అంది సుష్మ.

"కదులుతాడు. చోటు పోయినా తలపు ఉంటుందిగా. తుపానుకి మకాం పక్కకి జరిగిపోయినప్పుడు బాబాయి గారు ఎక్కడికొచ్చారే? మొలలోతు నీళ్ళలోకి కాదూ?"

సుష్మ నవ్వేసింది. ఆ రోజు రామకోటి కూడా నవ్వుకుంటూనే ఒడ్డుకొచ్చాడు మరి. గట్టు మీది కాపలా పాకనే మా వైపు మకాం అంటారు, తెలుసుగా.

బస్సు ఊరి మొదట్లోనే ఆగిపోయింది. ముందు దారంతా జనం. పొద్దున్నే పొక్లెయిన్లు దిగాయట. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు కొట్టేస్తారని ఎన్నాళ్ళుగానో అంటూనే ఉన్నారు, మన దాకా ఇప్పుడే రాదులే అని అందరూ అనుకుంటూనే ఉన్నారు. వచ్చింది. రామకోటి మకాం ఉన్న గట్టు లేదు. అక్కడ పెద్ద గండి పడి, చెరువు నీరంతా సుడులు తిరుగుతూ సరస్సులోకి పోతోంది. మధ్యాహ్నం ఒక గేదె అందులో కాలు జారింది. మళ్ళీ పైకి తేలలేదు.

సుష్మ చేతిలో కాగితాలు కింద పడ్డాయి. "నాన్న!" అంది.

రామకోటి తాడేపల్లిగూడెంలో చెల్లెలి గృహప్రవేశానికి వెళ్ళాడు. శుక్రవారం దీపాల వేళకి సరిగ్గా మకాంకే వస్తానని చెప్పి మరీ వెళ్ళాడు.

పాపమ్మ కొట్లో ఫోను దగ్గర సుష్మ వాళ్ళమ్మ పెద్దింటమ్మ నిలబడి ఉంది. పొద్దుటి నుంచి ప్రయత్నిస్తే లైను అప్పుడే కలిసింది. అవతలి నుంచి ఆడపడుచు గొంతు బయటికి వినపడుతోంది. "అన్నయ్య ఇప్పుడే వెళ్ళాడు వదినా. స్టేషన్ దగ్గర టీ తాగి అట్నుంచటే మకాంకి వచ్చేస్తానన్నాడు. మావాణ్ణి సైకిలు మీద పంపుతానుండు."

"పంపమ్మా, తొందరగా పంపు," అంది పెద్దింటమ్మ. ఫోను పెట్టేసి దోనె నడిపే గెడ అందుకుంది. సైకిలు అందుకుంటుందన్న ఆశ ఆవిడ ముఖంలో లేదు. "దోనె తీస్తాను. పడ్డ చోట అందుకోవాలి."

ఆడపిల్లలిద్దరూ ఆవిడ వెనకే దోనె ఎక్కారు. వద్దన్నా దిగలేదు.

గండి దగ్గర నీరు దోనెని గుంజేస్తోంది. పెద్దింటమ్మ గెడ లోతుకి గుచ్చి, ఒళ్ళంతా దాని మీద వేసి ఆపింది. మకాం ఉన్న చోటు కళ్ళెదురుగానే ఉంది. అక్కడ గుర్రపుడెక్క గిర్రున తిరిగి లోపలికి పోతోంది. అంతకంటే దగ్గరికి వెళితే దోనే మిగలదు.

"ఒసే, నీ రుమాలుతో నాన్నని ఇటు రప్పించలేవా?" అంది సుష్మ.

"అది నన్నే లాగుతుందే. ఇంకొకళ్ళని ఎప్పుడూ..."

"బస్సులో పక్కవాళ్ళకి సీటు ఆపరేంటమ్మా?" అంది పెద్దింటమ్మ వెనక్కి తిరక్కుండానే. "అలాగే ఆపు."

నిస్సీ రుమాలు విప్పి, దోనెలో కూర్చునే అడ్డబల్ల మీద వేసింది. వేసీ వేయగానే తనే దాని మీద కూర్చుని ఉంది. దోనె ఒక పక్కకి ఒరిగి నీళ్ళు లోపలికొచ్చాయి. లేచి మళ్ళీ వేసింది. "ఇక్కడ మనిషున్నారండీ," అంది సన్నగా. మళ్ళీ తనే కూర్చుని ఉంది. ఒడ్డున ఎవరింట్లోనో దీపం వెలిగింది.

"అంత మెత్తగా చెబితే బస్సులో ఎవరు నమ్ముతారు?" అంది పెద్దింటమ్మ గెడ వదలకుండానే. "నేనైతే నిన్ను లేపేసి కూర్చుంటాను. సుష్మా, దబాయించవే దాన్ని!"

నిస్సీ మూడోసారి రుమాలు పరిచింది. సుష్మ కళ్ళు తుడుచుకుని, బుట్టలమ్ముకునే ఆడదానిలా నడుం మీద చెయ్యేసుకుంది.

"ఖాళీయేగా. జరుగమ్మా."

"లేదండీ, మనిషున్నారు."

"ఎవరా మనిషి?"

"రామకోటి గారు."

"ఏరీ? కనపడరే?"

"టీకి దిగారండీ. వస్తున్నారు."

"టీకి దిగాడా! బస్సు కదిలిపోతుంటే ఇంకా టీ ఏంటి? లే, నేను కూర్చుంటాను!"

"కదిలితే కదలనీండి! ఈ సీటు ఆయనది! ఆయన కూర్చోవలసిందే!" అని అరిచింది నిస్సీ. నిజంగానే కూర్చోబోయిన సుష్మని రెండు చేతులా వెనక్కి తోసేసింది. తోసి, అలా నిలబడే ఉంది. రుమాలు ఖాళీగా ఉంది.

రుమాలు చెంగు గాలికి లేచింది. దాన్ని అదిమిపెట్టడానికి నిస్సీ చెయ్యి ముందుకెళ్ళి ఆగిపోయింది. ముట్టుకుంటే సీటు మళ్ళీ తనదైపోతుంది. ఎగిరిపోతే ఎవరికీ కాదు. చెంగు ఇంకాస్త లేచింది. గెడ కిర్రుమంది.

అప్పుడు గండి మీద, ఉత్త గాలిలో, రామకోటి కనిపించాడు. చంకలో లడ్డూల పొట్లం. కళ్ళు మూసి ఉన్నాయి. లేని నేల మీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడ్డాడు. ఆయన కిందికి జారాడు. మోకాళ్ళు నీళ్ళకి తగిలాయి.

దోనె ఒక్కసారిగా బరువెక్కి కిందికి దిగింది. అడ్డబల్ల మీద, రుమాలు మీద, రామకోటి కూర్చుని ఉన్నాడు. పంచె అంచు తడిసి కారుతోంది. చంకలో పొట్లం లేదు. అది అక్కడ గండిలో ఒక చుట్టు తిరిగి మాయమైపోయింది.

ఆయన కళ్ళు తెరిచి చుట్టూ చూశాడు. "మకాం ఏదే?" అన్నాడు.

"పొద్దున్నే కొట్టేశారండీ," అంది పెద్దింటమ్మ.

ఆయన ఆ నీళ్ళకేసి చూశాడు. తర్వాత ఎవరూ లేనట్టు తల వాల్చి, మెల్లగా కళ్ళు మూసుకోబోయాడు.

"మూయకండి!" పెద్దింటమ్మ కేక ఒడ్డు దాకా వినపడింది. మొగుడి మీద ఆవిడ గొంతెత్తడం అదే మొదలు. "ఇప్పుడు మూస్తే మళ్ళీ అక్కడికే పోతారు!"

రామకోటి ఉలిక్కిపడి కళ్ళు విప్పార్చుకున్నాడు. "మరి ఇక నేనెక్కడికి రావాలే?" అన్నాడు, దారి తప్పినవాడిలా.

పెద్దింటమ్మ గెడ ఆయన చేతిలో పెట్టింది. "ముందు కళ్ళు తెరుచుకుని ఇది వెయ్యండి. ఎటో నేను చెబుతాను."

ఆయన లేవలేదు. కూర్చున్నచోటి నుంచే గెడ వేశాడు. నిస్సీకి చోటు లేదు. ఒడ్డు వచ్చేదాకా నిలబడే వచ్చింది, రుమాలు అడగకుండా.

అదర్రా సంగతి. ఇద్దరు నింజాల్లో ఎవరు గొప్పో దారిలో దెబ్బలాడుకుంటూ వెళ్ళండి, నన్ను మాత్రం అడక్కండి. ఎవరింట్లోనో చేపల పులుసు దించారు, వాసన ఇక్కడి దాకా వస్తోంది. మీ అమ్మలు కంచాలు వేసి చూస్తుంటారు. లేవండి, చల్లారకముందే వెళ్ళి తినండి.