పెద్దల గోడకు తొలి చీల

బోగోలుకు పడమరగా ఉన్న మా క్వారీలో ప్రతి మనిషి ఉలి మీదా ఒక గుర్తు ఉండేది. అందరి ఉలులూ ఒకే కొలిమిలో పదునుకు వేస్తారు కాబట్టి, ఎవరిది వాళ్లు ఏరుకోవడానికి ఆ గుర్తు. మా నాన్న ఓబయ్యది ఏటవాలుగా మూడు గీతలు.

పనిలో మనిషి పోతే అతని ఉలి గుర్తును తూర్పు పక్క నిలువు బండ మీద చెక్కేవాళ్లు. దాన్ని పెద్దల గోడ అంటారు. రాయి చీల్చాలంటే వరసగా గుంటలు తొలిచి వాటిలో ఇనుప చీలలు దిగ్గొట్టాలి. పెద్దల గోడకు మాత్రం ఎవరూ చీల పెట్టరు. పెట్టాల్సి వస్తే, అక్కడ ఆఖరున గుర్తు పడ్డ మనిషి కొడుకు తన చేత్తో తొలి చీల కొట్టాలి. అప్పుడు ఆ బండను పెద్దలు వదిలేసినట్టు లెక్క. అట్లా ఎవరూ వదిలింది లేదు.

ఆ ఆఖరి గుర్తు మా నాన్నది.

మా వాళ్లలో బి.ఏ. పాసైనవాణ్ని నేనొక్కణ్నే. 1961లో కావలిలో మేష్టరుగా చేరాను. గోడ మీద ఏ గుర్తు ఎవరిదో తెలిసిన ముసలివాళ్లు తగ్గిపోతున్నారు. అందుకని ప్రతి ఆదివారం వచ్చి వాళ్లను అడిగి పేర్లు రాసుకునేవాణ్ని. ఆ పేర్లన్నీ ఒక పలక మీద చెక్కించి గోడ ముందర నిలబెట్టాలని నా ఆశ. మా అమ్మ తమ్ముడు హజరత్తయ్య క్వారీలో మేస్త్రీ. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. పలక సంగతి చెబితే ఎగిరి గంతేశాడు.

"వేరే రాయెందుకు అల్లుడా? గోడ చివర ఖాళీగా ఉండే చోటు నుంచే తీద్దాం. పెద్దల పేర్లు పెద్దల రాతి మీదే ఉంటాయి."

"గోడకు చీల పెట్టకూడదు గదా మామా?"

"ఈ ఒక్క పలక వరకే అని ఆదెయ్యన్నకు చెప్పినాలే. ఆనవాయితీ ప్రకారం తొలి చీల నువ్వు పెట్టు, అంతే."

ఆదెయ్య మా జనానికి పెద్ద. ఆయనకు చెప్పాడంటే ఇంక అనుమానం దేనికి? ఆ ఆదివారం అందరూ వచ్చారు. అమ్మ నాన్న తువ్వాలు తెచ్చి నా తలకు చుట్టింది. చీలకు పసుపు రాసింది.

"కలం పట్టిన చెయ్యి! సుత్తి కాలి మీదేసుకునేవయ్యా మేష్టరూ," అని ఎవరో అరిస్తే ఆడవాళ్లు నవ్వారు.

చీల సరిగ్గానే దిగింది. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆదెయ్య కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. నా పని చూసి సంతోషపడ్డాడనుకున్నాను.

మరుసటి ఆదివారానికి గోడ సగం లేదు. కాంట్రాక్టరు కామాక్షయ్య లారీలు నిలబడి ఉన్నాయి. వంతెన పనికి పెద్ద దిమ్మెలు తీస్తున్నారు. పై వరస గుర్తులన్నీ పోయాయి. నాన్న గుర్తు కింది వరసలో ఉంది కాబట్టి ఇంకా మిగిలింది.

"ఆపండి! ఎవరు చెయ్యమన్నారు?" అని అరిచాను.

ఆదెయ్య సమ్మెట దించి నా వైపు చూశాడు. "ఎవరేంది సామీ? నువ్వే గదా చీల పెట్టింది. గోడను వదిలేస్తున్నావని మీ మామ పదిమందిలో చెప్పినాడు. చదువుకున్నోడు, మనకు తెలియని సంగతేదో ఉంటాదిలే అనుకున్నాం."

"నేను వదల్లేదు పెదనాయనా. పలక కోసమని చెప్పాడు నాకు."

"అట్టని ఎవరన్నా చెప్పమను. మాయ చేసి పెట్టించిన చీల చీలే కాదు. ఈ క్షణమే పని ఆపించేస్తా."

మామను పక్కకు లాక్కెళ్లాను. ఆయన బుకాయించలేదు. అదే నాకు ఇంకా కష్టమనిపించింది.

"గోడ ఇవ్వకుంటే మనల్ని తీసేసి సేలం మనుషుల్ని పనికి తెస్తానన్నాడురా కామాక్షయ్య. ఇన్ని కొంపలు యాడికి పోవాల?"

"ఆ మాట నాతో చెప్పి ఉండొచ్చు గదా?"

"చెబితే ఒప్పుకుంటావా నువ్వు?"

"ఒప్పుకోను."

"మరి?"

"ఇప్పుడన్నా అబద్ధం చెప్పానని అందరి ముందూ చెప్పు మామా."

"చెబితే రేపు నా మాట మీద ఎవడన్నా సుత్తి ఎత్తుతాడా? అయినా నేనొక్కణ్నే అనుకొని చేసినానా? మీ అమ్మ ఎదురుగానే అనుకున్నాం."

నేను ఇంటికి పరిగెత్తాను. అమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది.

"నీకు ముందే తెలుసా?"

చేట ఆగింది. "తెలుసు నాయనా."

"తెలిసీ నాకు తువ్వాలు చుట్టావా?"

"నీకు ఉద్యోగం ఉండాది. వాళ్లకు ఈ కొండ తప్ప ఏముండాది? మీ నాయన ఉన్నా ఇచ్చేసుండేవాడు."

"అది ఆయన చెప్పాలి. లేకుంటే నేను చెప్పాలి. మీరిద్దరూ నా చేత్తో చేయించారు. నువ్వొక్క మాట చెబితే చాలు, ఆదెయ్య పెదనాయన ఆపేస్తాడు. కింది వరసన్నా మిగులుతుంది. రా అమ్మా."

కొంగు సరిచేసుకుని నా వెంట నడిచింది. వస్తోంది కదా అని నాకు ధైర్యం వచ్చింది.

క్వారీలో అందరూ పని ఆపి నిలబడ్డారు. ఆదెయ్య అడిగాడు. "పెంచలమ్మా, నీ తమ్ముడు బిడ్డను ఏమని అడిగినాడు? పలక కోసమనా, గోడ వదిలేదానికనా?"

అమ్మ నాన్న గుర్తు వైపు చూసింది. తర్వాత లారీల వైపు, రాళ్ల మీద కూర్చున్న ఆడవాళ్ల వైపు చూసింది. మామ నేల చూపులు చూస్తున్నాడు.

"నాకేం తెలవదన్నా," అంది. "మొగోళ్లు మాట్లాడుకున్నారు. నేనింట్లో లేను."

"అమ్మా!" అన్నాను.

"వాడు కుర్రోడు. ఇప్పుడు మనసు మారినట్టుండాది," అంది ఆదెయ్యతోనే, నా మొహం చూడకుండా.

ఇంకెవరన్నా చెబుతారేమోనని ఆదెయ్య అందరి మొహాలూ చూశాడు. ఆయన నా భుజం మీద చెయ్యేసి, "పక్కకు జరుగు సామీ, పెళ్లలు తగుల్తాయి," అన్నాడు. నన్ను జరిపి, కింది వరసకు గుంటలు తొలవమని ఇద్దరికి చెప్పాడు.

అమ్మ అప్పటికే ఇంటి దారి పట్టింది. నేను ఆమె వెనక పోలేదు. కావలి బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాను. బస్సు వచ్చేదాకా ఉలి దెబ్బలు వినబడుతూనే ఉన్నాయి.