ఆనందకుమారి దాచిన కటారి

ఆనందకుమారి పోయాక ఆమె ట్రంకుపెట్టె అడుగున, ఆసుపత్రి ఆకుపచ్చ గుడ్డలో చుట్టి, ఆ కటారి దొరికింది. వెండి తీగ పొదిగిన పిడి, కాస్త వంగిన మొన. కోడిని కోస్తుంటే మొహం తిప్పుకునే నర్సమ్మ ఇలాంటిదాన్ని ఎందుకు దాచింది? ఆమె భర్త పౌలురాజుకి అంతుపట్టలేదు. ఎన్ని తరాల చేతులు మారిందో, ఎవరి నెత్తురు చూసిందో అనుకుంటూ రోజూ తీసి తుడిచి, మళ్ళీ టీవీ పక్క అరలో పెట్టేవాడు.

"డాడీ, దాన్ని లోపల పెట్టు. పాస్టరుగారు ప్రార్థనకొచ్చి పారిపోతారు" అని గొణుక్కుంటూ కూతురు అబిగెయిల్ ఆ ఉదయం డ్యూటీకి వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళగానే తలుపు చప్పుడైంది. శాలువా కప్పుకున్న భారీ మనిషి నిలబడి ఉన్నాడు.

"ఆనంద్ సిస్టర్ ఉన్నారా అంకుల్? నా పేరు సత్పాల్" అన్నాడు హిందీలో.

పౌలురాజు గోడమీది ఫొటో చూపించాడు. సత్పాల్ చెప్పులు గడప బయట విప్పి, లోపలికొచ్చి, ఫొటో ముందు తల వంచాడు. ఎవరూ చెప్పకుండా చేసిన ఆ మర్యాదకి పౌలురాజు మనసు కాస్త కుదుటపడింది. అంతలో సత్పాల్ చూపు అర దగ్గర ఆగిపోయింది.

"అది మాది" అన్నాడు.

"మీదైతే మా ఇంట్లో ఎందుకుంది బాబూ?"

"చాలా ఏళ్ళ కిందట పొలం గట్టు తగాదాలో మా బాబాయి కొడుకు రాజ్‌బీర్ మా అన్న తల పగలగొట్టాడు. అన్నని సిస్టర్ పనిచేసే ఆసుపత్రిలో చేర్చాం. వాడికీ దెబ్బలు తగిలి పక్క వార్డులోనే పడున్నాడు. వాణ్ణి పొడవాలని నేను దీన్ని శాలువా కింద నడుముకి దోపుకుని వచ్చాను. సిస్టర్ కనిపెట్టేసింది. అరవలేదు. 'మీ అన్నకి రక్తం కావాలి, ముందు పడుకో. నడుముకున్నది నా చేతికివ్వు' అంది. నా రక్తం సీసాలోకి పోతుంటే చూస్తూ పడుకున్నాను. లేచేసరికి కటారి లేదు."

"మరి అన్న?"

"బతికాడు. సిస్టర్ ఈ ఇంటి అడ్రసు చెప్పి, 'మీ ఇంట్లో పెళ్ళి జరిగినప్పుడు వచ్చి తీసుకో' అంది. ఇప్పుడు అన్న కొడుక్కి పెళ్ళి. మా వాడు గుర్రమెక్కేటప్పుడు ఇది చేతిలో ఉండాలి, మా ఆచారం."

"రాజ్‌బీర్ ఎక్కడున్నాడు?"

సత్పాల్ దవడ బిగిసింది. "జైలు నుంచి వచ్చేశాడు. మా గోడ పక్కనే ఉంటున్నాడు."

అంటూనే లేచి వెళ్ళి కటారి అందుకున్నాడు. బొటనవేలితో పదును చూశాడు. పై ఫ్లాటులో కుక్కర్ విజిల్ వేసింది. పక్కన మనుషులున్నారు, అదొక ధైర్యం. కాని ఇది గడప దాటితే? ఆనంద ఇన్నేళ్ళు దాచింది తన చేతుల మీదుగా రాజ్‌బీర్ గుండెల్లోకి పోతే? పౌలురాజు తలుపుకి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు.

"ఇటివ్వు బేటా."

"మాదే అన్నాగా అంకుల్."

"మీదే. కాని మా ఆవిడ పెళ్ళికన్నది, పెళ్ళికే ఇస్తాను. ఆ రోజు నేనే తెచ్చి పెళ్ళికొడుకు చేతిలో పెడతాను. మళ్ళీ నేనే తీసుకుంటాను."

సత్పాల్ ఒక్కడుగు ముందుకేశాడు. కటారి మొన పౌలురాజు స్వెటరు గుండీలకి బెత్తెడు దూరంలో ఆగింది. ఇద్దరి ఊపిరీ వినిపిస్తోంది. సత్పాల్ కళ్ళు మెల్లగా ఫొటో వైపు తిరిగాయి. మొన పట్టుకుని, పిడిని పౌలురాజు వైపు చాచాడు.

"పెళ్ళికి రాజ్‌బీర్‌ని కూడా పిలిచాడు మా అన్న" అన్నాడు. "వాణ్ణి చూసి ఊరుకోవడం నావల్ల కాదని చెప్పినా వినలేదు."

పౌలురాజు పిడి అందుకున్నాడు. చల్లగా ఉంది.

"పెళ్ళిరోజు పొద్దున్నే వచ్చేయండి అంకుల్" అన్నాడు సత్పాల్, చెప్పులు తొడుక్కుంటూ. "వాడు వెళ్ళేదాకా నా పక్కనే కూర్చోండి. నేనడిగినా అది నాకివ్వకండి."