రెండు మీటల బల్ల

సూమెయ్ బల్ల దగ్గర నుంచి ఎగిరి వెనక్కి పడింది. ఎడమ అరచెయ్యి నల్లగా కాలిపోయింది. సూపర్‌వైజర్ పెంగ్ పరుగెత్తుకొచ్చి ముందు చూసింది పిల్లను కాదు, కింద పడ్డ ఎల్‌ఈడీ డ్రైవర్ పెట్టెను.

"పగిలిందా?" అన్నాడు.

ఆ మాటకు పక్క బల్ల చియూలిన్ ఒళ్లు మండిపోయింది.

గూజెన్ ఊళ్లో ఎల్‌ఈడీ దీపాలు తయారు చేయని వీధి లేదు. ఈ ఫ్యాక్టరీ మూడో అంతస్తులో ఆడవాళ్లు, దీపానికి కరెంటు సరిచేసి అందించే డ్రైవర్లను పరీక్షిస్తారు. ఎక్కడెక్కడి హోటళ్ల గోడల్లోనో వెలగడానికి వెళ్లే సరుకు. ఒక్కోదాంట్లోకి వేల వోల్టులు వదిలి చూడాలి. బల్లకు చెరో పక్కా ఒక మీట. రెండు చేతులతో రెండూ నొక్కితేనే కరెంటు వస్తుంది కాబట్టి, చేతులు ప్రమాదానికి దూరంగా ఉంటాయి. అలాగే నొక్కాలని గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. కానీ అలా నొక్కుతూ కూర్చుంటే పెంగ్ అడిగినంత సరుకులో సగం కూడా తేలదు. అందుకే ఎడమ మీటను టేపుతో అణిచిపెట్టేవారు. కొత్త పిల్ల చేరితే పాతవాళ్లు ముందు క్యాంటీన్ చూపించి, తర్వాత టేపు అంటించి ఇచ్చేవారు. పెంగ్ చూసీ చూడనట్టు పోయేవాడు.

సాయంత్రం యజమాని క్వాంగ్ అందరినీ నిలబెట్టాడు. "టేపు వేసుకుంది ఆ పిల్లే. తప్పు దానిది. రేపు లేబర్ ఆఫీసు వాళ్లొస్తారు. అందరిదీ ఒకటే మాట కావాలి."

పెద్దాసుపత్రికి తీసుకెళ్తే చెయ్యి దక్కుతుందన్నారు డాక్టర్లు. తీసుకెళ్లాలంటే ఖర్చుకు ఫ్యాక్టరీ పూచీ పడాలి, తప్పు పిల్లదంటే పడదు. లేకపోతే మణికట్టు దాకా తీసేస్తారు.

క్యాంటీన్లో గంజి చల్లారిపోతున్నా ఎవరూ ముట్టలేదు.

"నోరు మూసుకుందామే," అంది అందరికన్నా పెద్దదైన హో అక్క. "ఆర్డరు పోతే అందరం రోడ్డున పడతాం."

"టేపు వేసింది నువ్వూ నేనూ కాదా అక్కా?" అంది చియూలిన్.

"వేశాం. అయితే ఇప్పుడు అందరం చేతులు కాల్చుకోవాలా?"

"వద్దు. సమ్మె అంటే పోలీసులొస్తారు. పని మానొద్దు. గోడ మీద రాసినట్టే చేద్దాం. ఆ క్వాంగ్ రాయించిందే కదా!" అంది చియూలిన్.

మర్నాడు అందరికన్నా ముందు హో అక్క తన టేపు తనే పీకేసింది.

రెండు చేతులు, రెండు మీటలు. మధ్యాహ్నమైనా ప్యాకింగ్ బల్ల సగం ఖాళీ. కింద కంటైనర్ లారీ హారన్ కొడుతోంది. పెంగ్ గొంతు చించుకున్నాడు. "గోడ చూడండి సార్," అన్నారంతా. చివరికి క్వాంగ్ స్వయంగా మెట్లెక్కి వచ్చాడు. కోపంతో కళ్లు కనబడక టేపు చుట్ట అందుకుని, చియూలిన్ బల్ల ఎడమ మీట మీద బర్రున అంటించాడు.

"ఇన్నాళ్లూ ఎలా ఏడ్చారో అలాగే ఏడవండి!"

అందరి చేతులూ మీటల మీద ఆగిపోయాయి.

"ఇన్నాళ్లూ ఎలా చేశామో మీకు తెలుసన్నమాట," అంది చియూలిన్.

క్వాంగ్ ముఖం పాలిపోయింది. టేపు పీకబోయాడు. హో అక్క తన చెయ్యి అడ్డం పెట్టింది. "ముట్టుకోకు. లేబర్ ఆఫీసు వాళ్లు చూడాలి." ఫోన్లన్నీ గేటు దగ్గర పెట్టించుకున్నాడు మహానుభావుడు, ఫొటో తీసే దారి లేదు. ఆడవాళ్లు బల్ల చుట్టూ గోడలా నిలబడ్డారు.

అప్పుడే సూమెయ్ తల్లి రొప్పుతూ పైకి వచ్చింది. "పొద్దున్నే చెయ్యి తీసేశారమ్మా," అంది. హో అక్క ఆవిడను పట్టుకుని బావురుమంది.

లేబర్ ఆఫీసు కారు రాలేదు. క్వాంగ్ ఫోన్ చేస్తే పోలీసు బండి మాత్రం క్షణాల మీద వచ్చింది. చియూలిన్ జబ్బ పట్టి గుంపులోంచి లాగి మెట్ల మీదుగా కిందికి నడిపించారు. మిగతావాళ్లు కదల్లేదు, బల్ల కాళ్లకు చేతులు పెనవేసుకుని కూర్చున్నారు.

రెండో అంతస్తులో దీపాలు బిగించే మగవాళ్లు మెట్ల దగ్గర మూగారు. పై అంతస్తు ఆడవాళ్లను చూసి రోజూ ఎగతాళి చేసేవాళ్లే.

"సూమెయ్ చెయ్యి కోసేశారు!" అని అరిచింది చియూలిన్. "టేపు వేసింది క్వాంగే. చూసినవాళ్లం నలభై మందిమి. మిగతావాళ్లు ఆ బల్ల పట్టుకుని పైన కూర్చున్నారు, వాళ్లను లేపనివ్వకండి!"

"నడువు," అంటూ తోశాడు పోలీసు.

నెరిసిన జుట్టు ముసలాయన ఒకడు స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు. "ఏ బల్లమ్మా?"

"కిటికీ పక్కది, తాతా."

ముసలాయన మెట్లెక్కసాగాడు. వెనకే మిగతావాళ్లు. ఇరుకు మెట్లు. పైకెక్కే జనానికి దారి ఇవ్వడానికి పోలీసులు గోడకు అతుక్కుని నిలబడాల్సి వచ్చింది.