ఆరింది, తడి ఏది?

"దాన్ని గోడకి ఆనించొద్దని రోజూ మొత్తుకుంటున్నాను. చూడు, మళ్ళీ గ్రీజు అంటింది" అని మా అత్త అంటూనే ఉంది.

"మంచం కింద పెట్టు" అన్నాను నేను.

"మంచం కింద నా ఉల్లిపాయలున్నాయి."

"అయితే నా నెత్తిన పెట్టుకుంటానులే అమ్మా" అన్నాడు మా ఆయన.

మా కొట్లాటంతా తూము హ్యాండిల్ గురించి. చేతిపొడవు వంపు తిరిగిన ఇనుప కడ్డీ. దాన్ని తూము మీదున్న మరచుట్టుకి తగిలించి తిప్పితేగాని కాలువ తలుపు లేవదు. మా ఆయన ఆ తూము దగ్గర లస్కరు, అంటే కాపలా మనిషి. తలుపు దించాక ఇంకెవరూ ఎత్తకుండా హ్యాండిల్ ఊడదీసి ఇంటికి తెచ్చుకోవాలని ఇంజినీరు ఆర్డరు. అందుకని అది మా వంటింటి గోడకి చేరింది.

మా బావగారు కంచంలోంచి తల ఎత్తలేదు. "ఎక్కడ పెడితే ఏంట్లే. నా గొంతు మీద ఉన్నట్టే ఉంది" అన్నాడు.

బావగారు కౌలుకి చేస్తున్న పొలం కాలువ చివర ఉంది. వరి పొట్ట మీదుంది. ఇప్పుడు నీళ్ళు అందకపోతే వెన్ను బయటికొచ్చినా గింజ పాలు పోసుకోదు, అంతా తాలే. తమ్ముడు దించిన తలుపుకి అన్న పొలం ఎండుతోంది. ఇద్దరూ ఒకే కుండలోది తింటున్నారు.

నేను వరి పరిశోధనా కేంద్రంలో కూలికి పోతాను. దారిలో కాంట్రాక్టరు చేపల చెరువులు రోజూ కనిపిస్తాయి. తూము తలుపు దించితే అటు మళ్ళే కాలువ నీళ్ళతో కట్టలు తెగుతాయేమో అన్నట్టు నిండి ఉంటాయి. ఆ కట్ట దిగితే చివరి భూములు మొదలు. అక్కడ నేల నెర్రెలిచ్చి ఉంది.

ఆ రోజే కేంద్రంలో రైతుల సభ. టెంటు కింద చివరి భూముల వాళ్ళందరూ వచ్చారు. కూలీలం పని ఆపి వెనక నిలబడ్డాం. వేదిక మీద ఇంజినీరు, పక్క కుర్చీలో కాంట్రాక్టరు, ఆ చివర కేంద్రం సైంటిస్టమ్మ.

ఇంజినీరు మైకు అందుకున్నాడు. "నీళ్ళ పొదుపు కోసం మీ భూములకి ఆరుతడి పద్ధతి పెట్టాం. ఇది నా మాట కాదు, సైన్సు మాట."

ఆరుతడి మాకు తెలియని మాటేం కాదు. మడిని ఒకసారి ఆరనిచ్చి, మళ్ళీ తడపడం. కానీ మా అత్త చెవి వెనక చెయ్యి పెట్టుకుని లేచింది.

"ఆరు తడులా బాబూ? చల్లగా ఉండు. మొదటిది ఎప్పుడిస్తావు?"

టెంటంతా నవ్వింది.

"ఆరు అంటే లెక్క కాదమ్మా. ఆరడం. ఆరబెట్టడం."

"ఓహో. ఆరబెట్టడం బాగానే అయింది, మా పెద్దోడి మడిలో కాలు పెడితే నెర్రెలో ఇరుక్కుంటోంది. ఆ మాటలో ఇంకో సగం ఉంది కదయ్యా. తడి ఏది?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఒక కూలీ మనిషి అంది, "తడి ఏది?" పక్కవరస అందుకుంది. ఆ తర్వాత ఎవరు అంటున్నారో తెలియలేదు, టెంటు గుడ్డ అదిరింది.

కాంట్రాక్టరు చేతులూపాడు. "ఆగండి, ఆగండి. చేపలు మాత్రం తిండి కాదా?"

"మా నీళ్ళు తాగిన చేప మా కంచంలోకి ఎప్పుడైనా వచ్చిందా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సైంటిస్టమ్మ లేచి మైకు తీసుకుంది. "వరి ఈనే వేళ ఆరబెట్టమని మా పరిశోధన చెప్పలేదు. అప్పుడు మడి తడి ఆరకూడదనే చెప్పాం. పొదుపుతో మిగిలిన నీళ్ళు చివరి పొలాలకి వెళ్ళాలని చెప్పాం. చెరువులకి కాదు."

ఎవరో మైకు కట్టేశారు. ఆమె వేదిక దిగి మా మధ్యకి వచ్చి అదే మాట మళ్ళీ చెప్పింది.

అక్కణ్ణుంచి జనం నేరుగా తూము దగ్గరికి నడిచారు. మా ఆయన తలుపుకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు.

"ఎత్తవయ్యా!"

"హ్యాండిల్ ఇంట్లో ఉంది. ఎత్తితే నా ఉద్యోగం పోతుంది."

"నీకు ఉద్యోగం, మాకు గడ్డీనా?"

బావగారు ముందుకొచ్చాడు. "ఒరేయ్, అన్నగా అయితే నిన్ను అడగను. ఇంట్లో ఒక్కరోజన్నా అడిగానా? వీళ్ళలో ఒకడిగా అడుగుతున్నాను."

అంతలో జీపు వచ్చింది. ఇంజినీరు దిగకుండానే చెప్పాడు, "రేపు పొద్దున హ్యాండిల్ తెచ్చి ఆఫీసులో అప్పజెప్పు. తూము కాంట్రాక్టరు మనుషులు చూసుకుంటారు. తేకపోయావో, పోలీసులు వచ్చి తెస్తారు."

జీపు వెళ్ళిపోయింది. జనం వెళ్ళలేదు, గట్టు మీదే కూర్చున్నారు. మా ఆయన మాత్రం ఇంటి దారి పట్టాడు. అత్త, బావగారు, నేనూ వెనకే వెళ్ళాం.

ఇంటికొచ్చి గోడ దగ్గర హ్యాండిల్ తీసుకున్నాడు. పాతగుడ్డతో గ్రీజు తుడిచాడు. తర్వాత అదే గుడ్డతో గోడ మీద మరక తుడవబోయాడు. అది ఇంకా పాకింది.

"వదిలెయ్ రా. మళ్ళీ ఎక్కడ పెడతావు దాన్ని?" అంది అత్త, మెల్లగా.

బావగారు గడపలో ఆగాడు. నేను చేతిలో చెంబుతో నిలబడ్డాను. మా ఆయన మా ముగ్గుర్నీ చూసి, కూర తేవడానికి బజారుకి పోతున్నానని చెప్పేటప్పటి గొంతుతో చెప్పాడు.

"ఇక ఇది ఇంట్లో ఉండదమ్మా. ఇప్పుడే తీసుకెళ్ళి తూముకి బిగిస్తాను, తలుపు ఎత్తుతాను. మళ్ళీ ఊడదియ్యను. కాపలాకి గట్టు మీద వాళ్ళందరూ ఉన్నారు. మీరూ రండి."