రబ్బరాయన

మూడోసారి కూడా మాట వినిపించింది కానీ బొమ్మ రాలేదు. తెర మీద ఉత్త పచ్చరంగు, దాని వెనక నుంచి ఒక మగగొంతు: "కూర్చోండి, కూర్చోండి పిల్లలూ." రబ్బరాయన డీవీడీ ఆపి స్టూలు మీంచి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు.

రిపేరుకు ఏ కంప్యూటర్ వచ్చినా ముందు లోపలి కార్డు ఊడదీసి, దాని అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్దుతాడు కనుక వీధిలో ఆయనకా పేరు. సగం జబ్బులు ఆ రుద్దుడుకే పోతాయి. గోళ్లలో బూడిదరంగు దుమ్ము. ఎడమ మోకాలు ఒక్క క్షణం నిలవదు.

"ఆ కాలికి నా మిషన్ తగిలిస్తే కరెంటు ఖర్చు తప్పేదన్నా," అన్నాడు పక్క కొట్టు దర్జీ.

"ముందు నీ నోటికి ఓ బొత్తాం కుట్టుకో," అన్నాడు రబ్బరాయన తల ఎత్తకుండానే.

ఇప్పుడు బల్ల మీదున్న కంప్యూటర్ ఒక టీచరమ్మది. డీవీడీలో ఉన్నది, ఆమె భర్త పోయేముందు బళ్లో చెప్పిన చివరి పాఠం. ఈ డబ్బాలోనే రాసిన డిస్కు, మరే యంత్రమూ దాన్ని చదవదు. సోమవారం ఆమె కంటికి ఆపరేషన్. తర్వాత చూపు ఎంత మిగులుతుందో డాక్టరు మాట ఇవ్వలేదు.

తప్పు తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డుదని ఆయనకు పొద్దున్నే తెలుసు. అయినా మధ్యాహ్నం దాకా పెట్టెలో ఉన్నవన్నీ పెట్టి చూశాడు. కొత్త కార్డులకు గాటు వేరేచోట ఉంటుంది, పాత బోర్డులో దిగవు. దిగేది ఒక్కటే. అది ఆయన సొంత కంప్యూటర్లో ఉంది.

నాలుగేళ్ల క్రితం టీచరమ్మ డబ్బాలోంచే దాన్ని తీసి, పాడైందని చెప్పి, ఆమెకు వేరేది బిగించి పంపాడు. ఆమె వెళ్లాక రుద్దితే అది బతికింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాడు. ఆ తర్వాత మొహం చెల్లలేదు.

ఇప్పుడు దాన్ని ఊడదీశాడు. ఆయన తెర నల్లబడింది. ఆటో కోసం ఆగలేక, ఆమె డబ్బాను భుజాన పెట్టుకుని రెండు వీధులు నడిచి, టీచరమ్మ ఇంటికి మూడంతస్తులు ఎక్కాడు. చెమట చల్లగా పట్టింది, ఎడమ భుజం లాగుతోంది. టీచరమ్మ ముందే కార్డును ఇంకోసారి రుద్ది బిగించాడు.

"ఇది మీ కార్డే, టీచరమ్మా. అప్పుడు పాడవలేదు. నేనే వాడుకున్నా."

ఆమె కళ్లద్దాలు తుడుచుకుంది. "నాలుగేళ్లా?"

"నాలుగేళ్లు."

"మా ఆయనైతే గోడకుర్చీ వేయించేవారు. ముందు ఆయన్ని చూపించు."

బొమ్మ వచ్చింది. బట్టతల, చొక్కా జేబు మీద సుద్ద మరక, పైకెత్తిన చెయ్యి. "కూర్చోండి, కూర్చోండి పిల్లలూ." ఆమె కుర్చీని ముందుకు, ఇంకా ముందుకు లాక్కుంది.

"నువ్వూ కూర్చో బాబూ," అంది తెర మీంచి కళ్లు తిప్పకుండా.

"పనుందమ్మా."

రెండో అంతస్తు మలుపులో మెట్టు మీద కూర్చుని, గోడకు చెయ్యి ఆనించాడు. పైనుంచి హాజరు పిలుస్తున్న గొంతు, ఒక్కో పేరుకూ ఒక చిన్న జవాబు. కాసేపటికి, ఎప్పుడూ నిలవని ఆయన మోకాలు ఆగిపోయింది; పాఠం ముగిసినా ఆయన లేవలేదు.

పైన కంప్యూటర్ డబ్బా మీద రబ్బరు ముక్క అలాగే ఉంది, ఒక మూల నల్లగా అరిగి, నడుమ బొటనవేలంత గుంటతో.