నీళ్లతొట్టి కొలువు

సత్తెమ్మ మొగుడు జైపాల్‌తో వేగడం మాటలు కాదు. సకల జనుల సమ్మెలో దేవరుప్పుల దీక్షా శిబిరానికి పోయి మైకు అందుకున్నాడంటే, పక్కవాళ్లు లాక్కుంటే తప్ప దించడు. అంత మాటకారినీ “మీ బిడ్డ ఏం కొలువు చేస్తది?” అని అడిగితే మాత్రం గొంతు సవరించుకుని, “కరెంటాఫీసుల” అంటాడు.

వాళ్ల కూతురు సుమన కరెంటాఫీసు గడపే తొక్కలేదు. ఫిజిక్సు చదివి, హన్మకొండలోని దవాఖానలో క్యాన్సర్ రోగులకు పెట్టే కిరణాలను కొలిచే పనిలో చేరింది. జనగామ వైపు నుంచి ఆ చదువుకు పోయిన మొదటి పిల్ల ఆమే. కొత్త యంత్రం వచ్చినప్పుడు మనిషి ఒంటికి బదులు నీళ్లతొట్టి పెట్టి, కిరణం ఎంత లోతుకు దిగుతుందో నెలల తరబడి కొలిచింది. అది చూసొచ్చిన జైపాల్, “ఎమ్మెస్సీ చదివి నీళ్లకు కావలి ఉంటాంది” అన్నాడు. క్యాన్సర్ దవాఖాన పేరెత్తితే సంబంధాలు రావని ఆయన బెంగ.

ఆ ఏడాదే ఘనపూర్‌లో ఉండే ఆయన అక్క పెంటమ్మకు రొమ్ములో గడ్డ తేలింది. ఆపరేషన్ అయ్యాక సుమన ఇంట్లోనే ఉంటూ కిరణాలు పెట్టించుకుంటోంది. వండిపెట్టడానికి సత్తెమ్మా వచ్చింది. కిరణం ఎక్కడ పడాలో తెలిసేలా పెంటమ్మ ఛాతీ మీద సిరా గీతలు గీశారు.

“రుద్దకత్తమ్మా, చెరిగితె కష్టం” అని సుమన రోజూ చెప్పేది.

సద్దుల బతుకమ్మ నాడు జైపాల్ వచ్చాడు. అక్క మెడ కింద కనిపిస్తున్న గీత చూసి మొహం చిట్లించాడు.

“గిదేందక్కా, గిట్లనే బతుకమ్మ కాడికి పోతవా? అందరడుగుతరు. కడుక్కో.”

పెంటమ్మ సున్నిపిండితో రుద్ది రుద్ది తానం చేసింది. గునుగుపూలు పేర్చే హడావిడిలో సత్తెమ్మ చూసుకోలేదు.

మర్నాడు దవాఖానలో గీతలు చెరిగాయని చూసి సుమన యంత్రం ఆపించింది.

“నేనే మర్శి రుద్దుకున్న బిడ్డా” అంది పెంటమ్మ. జైపాల్ గోడకున్న క్యాలెండర్ వైపు చూశాడు.

“మళ్ల స్కానింగ్ తీయాలె, మళ్ల లెక్క కట్టాలె” అంది సుమన.

“గింతదానికా? పెన్నియ్యి, నేను గీస్త. నాకు యాదికున్నది.”

“ఏడ బాపూ?”

జైపాల్ తన మెడ కింది ఎముక మీదే వేలు పెట్టి చూపించాడు. సుమన అత్తను స్కానింగ్ గదికి నడిపించింది.

కరెంటు కోతల్లో స్కానింగ్ అయ్యేసరికి పొద్దు వాలింది. సుమన లెక్క కట్టి, ముందు నీళ్లతొట్టి మీద సరిచూసుకుని, డాక్టరు ఒప్పుకున్నాకే అత్తకు గీతలు గీయించింది. పై గీత జైపాల్ చూపిన చోటికి రెండు వేళ్లు కిందుగా పడింది.

“నేను చూపిన కాడ పెడితేనో?” జైపాల్ గొంతు తగ్గింది.

“గడ్డ తీసిన కాడ కిరణం చాలకపోతుండె. అత్తమ్మ గొంతు కమిలిపోతుండె.”

ఆయన బయటికొచ్చి బల్ల మీద కూలబడ్డాడు. మహబూబాబాద్ పక్క తండా నుంచి భార్యను వైద్యానికి తెచ్చిన జాల్యా, “గా పిల్ల డాక్టరమ్మనా సారూ?” అని అడిగాడు.

జైపాల్ గొంతు సవరించుకున్నాడు. ‘కరెంటాఫీసుల’ అంటాడని పక్కనున్న సత్తెమ్మ కాచుకుంది.

“నా బిడ్డ. కిరణం ఏడ పడాల్నో, ఎంత పడాల్నో కొలుస్తది.”

అప్పుడే కొంగు సర్దుకుంటూ పెంటమ్మ బయటికొచ్చింది. జైపాల్ లేచి నిలబడ్డాడు. ఈసారి మైకు లేదు గానీ వరండా అంతా వినబడింది.

“కడుక్కోమన్నది నేనే అక్కా. తప్పు నాదే. బిడ్డ కొలువును చులకన చేసుడు గూడ నా తప్పే.”